నీలిరంగు పట్టిచ్చిన అణువు

మార్చి దాటితే కర్నూలు, కడప జిల్లాల్లో కుంటలు అడుగంటడం మొదలవుతుంది. పోరుమామిళ్ల చెరువు లాంటి పెద్దవాటి సంగతి వేరు. చిన్న కుంటల్లో చివరికి మిగిలేది పచ్చటి మడుగే. ఇలాంటి నీళ్లలో బతికే ఆకుపచ్చ శైవలాల్లో క్లామిడోమోనాస్ ఒకటి. ఒకే కణం, రెండు కశాభాలు, మిల్లీమీటరులో నూరోవంతు ఒళ్లు. నీటిలో నత్రజని కరువైతే ఈ కణాలు జతకడతాయి. జతకట్టిన రెండూ కలిసి గట్టి పెంకున్న సంయుక్తబీజమై, నీళ్లు ఎండినా మట్టిలో ప్రాణం నిలుపుకుంటాయి.

మాటలు రాని ఈ కణాల్లో కలయికకు కబురు మోసేది సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు. దాని పుట్టిల్లు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ. ఏటీపీని పట్టిచ్చింది ఒక కొలత పద్ధతి. ఆ పద్ధతికి పెట్టిన రెండు పేర్లలో రెండోది మన తెలుగువాడిది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చడం అప్పట్లో తలనొప్పి వ్యవహారం. ఇద్దరూ 1925లో ప్రచురించిన పద్ధతి ఇదీ: ముందు ఆమ్లంతో ప్రోటీన్లను తీసేయాలి. మిగిలిన తేటలో ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే ఫాస్ఫేటు దానితో జట్టుకడుతుంది. ఆపైన అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైనకొద్దీ నీలం చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని ఫాస్ఫేటు ఎంతో తెలిసిన ద్రావణంతో పోల్చి కలరీమీటరులో చూస్తే లెక్క తేలిపోతుంది. నిజానికి ఆ నీలం వాళ్లు కనిపెట్టింది కాదు. 1920లోనే బెల్, డాయిజీ ఆ దారి తొక్కారు. వీళ్లు మార్చింది నీలం తేల్చే క్షయకరణిని. కానీ ఆ మార్పుతోనే పద్ధతి లోకమంతా పాకింది.

అసలు తమాషా కండరం దగ్గర జరిగింది. కండర రసంతో చేస్తే నీలం ఒక్కసారిగా తేలకుండా, చూస్తుండగా మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారేమో! వీళ్లు పారబోయలేదు. ఏదో నిలకడలేని పదార్థం ఆమ్లంలో విరుగుతూ ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకు కండరంలోనే ఏటీపీ దొరికింది. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు.

ఏటీపీకి మూడు ఫాస్ఫేట్ల తోక ఉంటుంది. అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైము అందులో రెంటిని తెంపి, మిగిలినదాన్ని అణువు మీదికే వంచి ఉంగరంలా కలిపేస్తుంది. అదే సైక్లిక్ ఏఎంపీ. అడ్రినలిన్ కాలేయంలో ఎలా పనిచేస్తుందో వెతుకుతున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1950ల్లో ఇది దొరికింది. ఆయన వెంటబడిన ఎంజైము ఫాస్ఫరిలేజ్. ప్రయోగనాళికలో అది వదిలే ఫాస్ఫేటును కొలవడానికి అప్పట్లో ల్యాబుల్లో ఈ నీలిరంగే వాడుక. అణువేమిటో తెలియక సదర్లాండ్ జీవరసాయనవేత్త లియోన్ హెప్పెల్‌కు ఉత్తరం రాశాడు. ఏటీపీని బేరియం హైడ్రాక్సైడుతో వేడిచేస్తే వచ్చిన వింత పదార్థం గురించి డేవిడ్ లిప్కిన్ కూడా ఆయనకే రాశాడు. రెండు ఉత్తరాల్లోనూ ఉన్నది ఒకే అణువని పసిగట్టింది హెప్పెల్. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

శైవలాల్లో సైక్లిక్ ఏఎంపీ పని తేల్చిన శాస్త్రవేత్తల్లో ఉర్సులా గూడెనఫ్, పాస్క్వాలే ముఖ్యులు. జతకట్టే ప్లస్, మైనస్ రకాల కణాల కశాభాలు తగలగానే లోపల సైక్లిక్ ఏఎంపీ అమాంతం పెరుగుతుంది. కణం గోడ వదిలేసి కలయికకు సిద్ధమవుతుంది. 1987లో వాళ్లు జతకణం లేకుండానే, కణంలోకి దూరగల సైక్లిక్ ఏఎంపీ రూపాన్ని అందించి ఈ మార్పులన్నీ తెప్పించారు. కబురు చెరిగిపోకుండా చేర్చిన మందు కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి చుట్టం. 2018లో మరో వింత బయటపడింది. క్లామిడోమోనాస్‌లో, దాని బంధువు వాల్వాక్స్‌లో వెలుగు పడితే, సైక్లిక్ ఏఎంపీ లాంటిదే అయిన సైక్లిక్ జీఎంపీ తయారీని ఆపేసే ప్రోటీన్లు ఉన్నాయి. అవి పనిచేయాలన్నా ఏటీపీ కావాల్సిందే.

ఇప్పుడు ఆసుపత్రి యంత్రాలు చాలావరకు నీలం దాకా పోకుండా, మాలిబ్డేట్ జట్టునే అతినీలలోహిత కాంతిలో కొలుస్తున్నాయి. అయినా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్కే–సుబ్బారావు ప్రయోగం ఇంకా ఉంది. కర్నూలు, కడప కాలేజీల్లో దాన్ని చేయించే మాస్టార్లకు ఒక మనవి: ఆ రోజు పక్కనే మైక్రోస్కోపు కింద ఊరి కుంట నుంచి తెచ్చిన పచ్చనీటి చుక్క ఒకటి పెట్టించండి.