విద్యార్థి సంఘాలు: నమోదు, వర్గీకరణ, హద్దులు

బహ్రెయిన్ పశ్చిమ తీరాన ఉన్న జల్లాఖ్‌కు చేరువలో, సఖీర్‌లో, 1986లో ఏర్పడిన బహ్రెయిన్ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణం ఉంది. ఆ ప్రాంగణం వెలుపల, దేశంలో సంఘాల నమోదుకు వేర్వేరు చట్టాలున్నాయి. సాంఘిక, సాంస్కృతిక సంఘాలకు వర్తించే 1989 నాటి 21వ చట్టం వాటికి రాజకీయాలను నిషేధించింది. రాజకీయ సంఘాలకు 2005లో 26వ చట్టం విడిగా వచ్చింది. ఏ వర్గంలో నమోదైతే ఆ వర్గమే సంఘం మాటకు హద్దు గీస్తుందన్నమాట.

విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే చిక్కు. నమోదుకు సాధారణంగా నియమావళి, బాధ్యుల వివరాలు, అధ్యాపక సలహాదారు కావాలి. అందుకు ప్రతిగా సమావేశాలకు గది, కొంత నిధి లభిస్తాయి. ఆశయం నచ్చనంత మాత్రాన వీటిని నిరాకరించవచ్చునా? ప్రభుత్వ కళాశాలకు ఆ అధికారం లేదని 1972లో, హీలీ వర్సెస్ జేమ్స్ వ్యాజ్యంలో, అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రాంగణ నియమాలను పాటించాలని మాత్రం కోరవచ్చునన్నది. ఒక విద్యార్థి పత్రికను ‘మతకార్యకలాపం’గా వర్గీకరించి ముద్రణ ఖర్చు నిరాకరించిన వర్జీనియా విశ్వవిద్యాలయం 1995లో అదే న్యాయస్థానంలో ఓడిపోయింది.

విదేశీ ప్రాంగణంలో తెలుగు విద్యార్థి సంఘం ‘సాంస్కృతికం’ అనే గడిలో చేరడం సహజం. ఉగాది జరుపుకోవడానికి ఆ గడి చాలు. ఫీజుల పెంపుపైనో, వీసా నిబంధనలపైనో తీర్మానం చేయదలచిన నాడే దాని ఇరుకు తెలిసివస్తుంది. అందుకే దరఖాస్తులో గడి నింపే ముందే నియమావళిలోని ఆశయాలను విశాలంగా రాసుకోవడం మేలు.