రబ్బరు స్టాంపు కోసం ఇంత గొడవా?

ఏటా బడ్జెట్ సమావేశాలు మొదలయ్యే రోజున రాష్ట్రపతి పార్లమెంటుకు వచ్చి ఒక ప్రసంగం చదువుతారు. అందులో మాటిమాటికీ ‘నా ప్రభుత్వం’ అని వినిపిస్తుంది. అది కేబినెట్ ఆమోదించిన పాఠం. నచ్చినా నచ్చకపోయినా చదవాల్సిందే. రాయించినవాళ్లే ముందు వరసలో కూర్చుని బల్లలు చరుస్తారు. తర్వాత ధన్యవాద తీర్మానం మీద రోజుల తరబడి చర్చ. ఆ తీర్మానం లోక్‌సభలో వీగిపోతే దిగిపోవాల్సింది చదివినవారు కాదు, ప్రభుత్వం. ప్రసంగం ఎవరిదో అక్కడ తేలిపోతుంది.

ఇదంతా చూసినవాళ్లు రాష్ట్రపతిని రబ్బరు స్టాంపు అంటారు. కాస్త భక్తి ఉన్నవాళ్లు ఉత్సవ విగ్రహం అంటారు. మామూలు రోజుల వరకూ ఆ మాటల్లో తప్పేమీ లేదు. చిక్కల్లా మామూలుగా లేని రోజులతోనే.

రాజ్యాంగంలో 53వ అధికరణం దగ్గర ఆగిపోతే రాష్ట్రపతి చక్రవర్తిలా కనిపిస్తారు. కార్యనిర్వాహక అధికారమంతా ఆయనదే, త్రివిధ దళాలకు సర్వాధిపతీ ఆయనే. 74 దాకా చదివితే అసలు సంగతి తెలుస్తుంది: అదంతా మంత్రిమండలి సలహా మేరకే. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ ఈ విషయం దాచలేదు. బ్రిటన్‌లో రాజు ఎలాగో ఇక్కడ రాష్ట్రపతి అలాగే, రాజ్యానికి అధిపతే గానీ పాలనకు కాదన్నారు. రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న వాదన కూడా రాజ్యాంగ సభలో వచ్చింది. ఒప్పుకోలేదు. కోట్ల మంది ఓట్లేసి గెలిపించిన మనిషి ప్రధాని చెప్పినచోటల్లా సంతకం పెడుతూ కూర్చుంటాడా? అందుకే ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఎన్నుకునే పద్ధతి పెట్టారు. అందులోనూ ఓటుకో విలువ. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. లెక్కకు ఆధారం 1971 నాటి జనాభా. అప్పటికి పుట్టని ఎమ్మెల్యేలు కూడా ఆ జనాభా తరఫునే ఓటేస్తారు.

ఇక్కడే ఒక చిన్న ప్రశ్న. ఆ కుర్చీలో కూర్చునేది నిజంగా ఉత్త స్టాంపే అయితే, దాని కోసం 1969లో కాంగ్రెస్ అంతటి పార్టీ ఎందుకు చీలిందీ?

ఆ ఏడాది మే నెలలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, అప్పటి స్పీకరు నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడింది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. ఢిల్లీ పీఠానికి ఇద్దరు తెలుగువాళ్లు తలపడిన అరుదైన సందర్భం. ప్రధాని ఇందిర సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టి కూడా, పోలింగ్‌కు ముందు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. ఆమె పార్టీ వాళ్ల అంతరాత్మలు చాలావరకు ఆమె మనసెరిగి ప్రవర్తించాయి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యం కలిపితే గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. కొద్ది నెలల్లోనే కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

ఇరుపక్షాల భయమూ ఒక్కటే. సభలో మెజారిటీ చెదిరిన రోజున ప్రమాణం చేయడానికి ఎవరిని పిలవాలో తేల్చేది రాష్ట్రపతి. ఆ రోజున సలహా ఇవ్వడానికి గట్టి మంత్రిమండలంటూ ఉండదు. ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారని 75వ అధికరణం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. ఎలా ఎంచుకోవాలో చెప్పలేదు.

పదేళ్లకు ఆ రోజు రానే వచ్చింది. అప్పుడు కుర్చీలో ఉన్నది, విధి చమత్కారం కాకపోతే, సంజీవరెడ్డే. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, జనతా పార్టీకి మిగిలిన ఒకే ఒక్క నంద్యాల నుంచి ఆయన గెలిచారు. మళ్లీ స్పీకరయ్యారు. ఆ జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

1979 జులై 15న జనతా ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీనీ, జనతా నుంచి చీలిపోయిన చరణ్‌సింగ్‌నూ ఎవరి బలం ఎంతో జాబితాలు పట్టుకు రమ్మన్నారు. చివరికి చరణ్‌సింగ్ చేత జులై 28న ప్రమాణం చేయించి, ఆగస్టు మూడో వారంలోగా లోక్‌సభలో బలం చూపించమన్నారు. ఇంతవరకూ తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఆగస్టు 20న సభ కూడాల్సి ఉండగా ఇందిర మద్దతు ఇవ్వనని తేల్చేశారు. చరణ్‌సింగ్ సభకు పోకుండా నేరుగా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. ఒక్కరోజు కూడా పార్లమెంటు ముఖం చూడని ప్రధాని సలహా అది. ఇటు జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వమని అడుగుతూనే ఉన్నారు. ఆగస్టు 22న సంజీవరెడ్డి సభను రద్దు చేశారు.

ఫిరాయింపుల బేరాలతో ప్రభుత్వాన్ని నిలబెట్టడం కంటే జనం దగ్గరికి పోవడమే మేలని ఆయన పక్షం వాదించింది. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ ఒక మనిషి ముందుకొచ్చి నాకు బలముంది అంటున్నప్పుడు, ఆ మాట నిజమో కాదో తేల్చాల్సింది సభ. తలుపు మూసేసి తేల్చడం సరికాదు. ఆ రద్దు చట్టవిరుద్ధం అనలేం. తొందరపాటు అనగలం.

మిగతా రోజుల్లో రాష్ట్రపతి చేతిలో ఉన్నది ప్రశ్న, జాప్యం. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రెండూ వాడలేదు. కేబినెట్ కూడకుండానే వచ్చిన అత్యవసర పరిస్థితి కాగితం మీద సంతకం పెట్టారు. మంత్రులకు తెలిసింది మర్నాడు పొద్దున. ఆ డిసెంబరులో అబూ అబ్రహాం స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి అందిస్తున్న రాష్ట్రపతిని కార్టూన్‌గా గీశారు. సెన్సారు ఉన్న రోజుల్లో అది అచ్చయింది. 1978లో 44వ సవరణ రెండు కంతలు పూడ్చింది. అత్యవసర పరిస్థితికి కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి. ఏ సలహానైనా రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపవచ్చు, రెండోసారి అదే వస్తే కట్టుబడాలి.

జైల్‌సింగ్ ఇంకో దారి కనిపెట్టారు. జనం ఉత్తరాలు విప్పి చూసే వీలిచ్చే తపాలా సవరణ బిల్లు 1986లో ఆయన బల్ల మీదికి వచ్చింది. ఆమోదించలేదు, తిరస్కరించలేదు, తిప్పి పంపలేదు. అలా ఉంచేశారు. ఎన్ని రోజుల్లో తేల్చాలో 111వ అధికరణం చెప్పదు. ఆ బిల్లు చట్టం కాకుండానే పోయింది. మన ఆఫీసుల్లో ఫైళ్లు నిద్రపోవడం దేశానికి మేలు చేసిన సందర్భాలు ఎక్కువ లేవు. ఇది వాటిలో ఒకటి.

తిప్పి పంపే అధికారాన్ని బాగా వాడింది కె.ఆర్. నారాయణన్. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ కేబినెట్ పంపితే తిప్పి పంపారు. వాళ్లు విరమించుకున్నారు. 1998లో బిహార్ విషయంలో వాజ్‌పేయి కేబినెట్‌కూ అదే జవాబు. 1999 ఫిబ్రవరిలో రెండోసారి వచ్చినప్పుడు సంతకం పెట్టారు. రాజ్యసభలో బలం లేక ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ ఏప్రిల్ 17న లోక్‌సభలో విశ్వాస పరీక్షలో వాజ్‌పేయి ఒక్క ఓటుతో ఓడిపోయారు. నారాయణన్ వెంటనే రద్దు జోలికి పోలేదు. సోనియా గాంధీ 272 మంది మద్దతు ఉందన్నారు. సరే, చూపించమన్నారు. ములాయం సింగ్ కలిసిరాలేదు, లెక్క కుదరలేదు. ఇక ఎవరూ మిగల్లేదని తేలాకనే, ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు జగ్జీవన్‌రామ్ అడిగింది అంతపాటి వ్యవధే.