సాగరం చూచి వచ్చాము

మన నల్లగొండకు సముద్రమే లేదు, ఇక లైట్‌హౌస్ ఎక్కడిది! అందుకే సద్ది కట్టుకొని కుటుంబ సమేతంగా నాగార్జునసాగర్ వెళ్లాము.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాది వేసిన రాతి ఆనకట్ట అది. 26 గేట్లనూ పిల్లలు రెండుసార్లు లెక్కపెట్టారు. లాంచీలో నాగార్జునకొండకు పోతూ, మునిగిన లోయలోని కొన్ని బౌద్ధ కట్టడాలను కొండమీద తిరిగి కట్టారని చెప్పాము. "మరి ఊళ్లల్లో మనుషులు?" అని చిన్నమ్మాయి అడిగింది. ఇండ్లు విడిచి పోయారన్నాము.

మర్రిగూడ వైపు ఫ్లోరైడు బావినీళ్లు తాగి నడుము వంగిన మా అమ్మ నీళ్లనే చూస్తున్నది. 1967లోనే కాలువలకు నీరు వదిలారు. మా ఇంటికి నల్లా వచ్చేసరికి ఎన్నేండ్లు! "గిన్ని నీళ్లు పక్కనుండంగ గా విషం తాగినం బిడ్డా" అన్నది. తిరుగు లాంచీ ఎక్కించడానికి ఆమెను ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది.