ప్రేగులలోని సూక్ష్మజీవులు – శిశువుల ఆరోగ్యము

మానవుని ప్రేగులు ఆహారమును జీర్ణము చేయు అవయవములు మాత్రమే కావు. కంటికి కానరాని అసంఖ్యాక సూక్ష్మజీవులకు అవి నివాసస్థానములు. ఒక సామాన్య పురుషుని శరీరమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు కలవనియు, వాని మొత్తము తూకము దాదాపు 200 గ్రాములనియు 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వీనిలో అత్యధిక భాగము పెద్దప్రేగునందే కలదు. ఇవి మనకు మిత్రములా, శత్రువులా? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు సాగిన కృషి, తుదకు ఒడిశా పల్లెలలోని పసికందుల ప్రాణరక్షణకు ఒక మార్గమును సూచించినది.

1681లో హాలండు దేశమున డెల్ఫ్ట్ నగరవాసియైన లీవెన్‌హుక్, తాను స్వయముగా తయారుచేసికొన్న కటకముతో తన మలమునే పరీక్షించి, అందు కదలాడు అల్పజీవులను చూచెను. 1885లో ఎషెరిక్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలమునుండి ఒక బాక్టీరియాను వేరుచేసి వర్ణించెను. అది నేడు ఆయన పేరిటనే ఎషెరికియా కోలై అని పిలువబడుచున్నది. కొలదికాలమునకే పారిస్ నగరములోని పాస్టర్ సంస్థలో టిసియే అను శాస్త్రజ్ఞుడు, చనుబాలు త్రాగు శిశువుల ప్రేగులలో పంగలకఱ్ఱవలె రెండుగా చీలియుండు మరియొక బాక్టీరియాను కనుగొనెను. ఇదియే బిఫిడోబాక్టీరియా.

1908లో నోబెల్ బహుమానమును పొందిన మెచ్నికాఫ్, పెద్దప్రేగులో ఆహారము క్రుళ్ళుటవలననే ముసలితనము త్వరగా వచ్చునని తలచి, పుల్లపాలలోని బాక్టీరియా దానిని అరికట్టునని బోధించెను. కాని ఆయన మెచ్చిన బల్గేరియా బాక్టీరియా ప్రేగులలో నిలువజాలదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. వచ్చిపోవు అతిథికిని, కాపురముండు గృహస్థునకును గల భేదము ఇచ్చట స్పష్టమైనది.

కాపురముండు బాక్టీరియాలు చేయు మేలెట్టిదో తల్లిపాలను బట్టి గ్రహింపవచ్చును. ఆ పాలలో శిశువు అరిగించుకొనలేని కొన్ని చక్కెరలు కలవు. అవి వ్యర్థములు కావు, బిఫిడోబాక్టీరియాకు ఆహారములు. వానిని తిని ఆ బాక్టీరియా ఆమ్లములను పుట్టించును. ఆ పులుపునందు రోగకారక జీవులు పెక్కు వృద్ధిచెందజాలవు. పెద్దవారియందును, కూరలు, పప్పులు, ముతక ధాన్యములందలి పీచును ప్రేగులలోని బాక్టీరియాలు పులియబెట్టి బ్యుటిరిక్ ఆమ్లమును తయారుచేయును. పెద్దప్రేగు లోపలి పొరకు అది ముఖ్యమైన ఇంధనము.

నవజాత శిశువులను బలిగొను వ్యాధులలో సెప్సిస్ ఒకటి. రోగక్రిములు శరీరమందు చొరబడగా, వానిని ఎదుర్కొను ప్రయత్నమే అదుపు తప్పి అవయవములను చెరచు దుస్థితి యిది. ప్రేగులలో ముందుగానే మేలుచేయు బాక్టీరియాను నిలిపినచో ఈ యాపదను తప్పింపవచ్చునా అని పినాకి పాణిగ్రాహియు, ఆయన సహచరులును ఆలోచించిరి. పెక్కు రకములను పరీక్షించి, శిశువుల ప్రేగులలో నిలువగల లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను దానిలో ఒక రకమును ఎన్నుకొనిరి. దానికి ఆహారమగు ఒక చక్కెరను కూడ జతచేసిరి. గ్రామీణ ఒడిశాలో 4,556 మంది శిశువులను తీసికొని, పుట్టిన కొలది దినములలోనే కొందరికి ఈ మందును, మిగిలినవారికి మందులేని పొడిని ఏడు దినములు ఇచ్చి, రెండు నెలలపాటు గమనించిరి.

ఫలితములు 2017లో ‘నేచర్’ పత్రికలో ప్రకటింపబడినవి. మందులేని పొడిని పుచ్చుకొన్నవారిలో నూటికి 9 మందికి సెప్సిస్ గాని మరణము గాని సంభవింపగా, మందు పుచ్చుకొన్నవారిలో అది 5.4కు తగ్గెను. అనగా వేయిమంది శిశువులలో 90 మందికి రాగల ఆపద 54 మందికి మాత్రమే వచ్చినదన్నమాట. ఈ చికిత్సకు ఒక్కొక్క శిశువునకగు వ్యయమును మిక్కిలి స్వల్పము.

అయినను, దీనినిబట్టి అంగడిలో దొరకు ప్రతి బాక్టీరియా పొడియు ప్రతి బిడ్డకును పనికివచ్చునని తలచుట పొరపాటు. ఈ పరిశోధనలో చేర్చుకొన్నవారు రెండు కిలోలకు తక్కువ కాని తూకము గలిగి, తల్లిపాలు త్రాగుచున్న ఆరోగ్యవంతులైన శిశువులు. నెలలు నిండక ఆసుపత్రులలో నున్న బిడ్డలకు ఇట్టి పొడుల నిచ్చుటవలన ప్రాణాపాయము కలుగవచ్చునని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించెను. ఒక రకమునకు గల గుణము మరియొక రకమునకు ఉండకపోవచ్చును. ఒకచోట ఫలించినది వేరొకచోట మరల పరీక్షింపబడవలసియుండును.

కావున వైద్యుని సలహా లేనిదే శిశువులకు ఇట్టి మందుల నీయరాదు. తల్లిపాలు మాత్రము ఏ పరిశోధనకును వేచియుండనక్కరలేదు. బిడ్డకును, ఆ బిడ్డ ప్రేగులలో కాపురముండు మిత్రులకును ప్రకృతి ఒక్కసారిగా వడ్డించిన భోజన మది.