ఎర్ర తాడు చూసి పరుగెత్తిన ఓటర్లు

ఏథెన్స్‌లో అక్రోపోలిస్‌కు పడమరగా, కూతవేటు దూరంలో ఒక రాతిగుట్ట ఉంది. పేరు ప్నిక్స్. క్రీ.పూ. 500 ప్రాంతం నుంచి పౌరుల సభ ‘ఎక్లేసియా’ ఇక్కడే కూడేది. యుద్ధమైనా సంధి అయినా తేలేది ఈ గుట్ట మీదే. ఎన్నికైన సభ్యులంటూ ఉండరు, వచ్చిన పౌరులే చట్టసభ. “మాట్లాడేదెవరు?” అని చాటింపుదారు అడిగితే ఎవరైనా లేచి వేదికెక్కవచ్చు.

జనం ఉత్సాహంగా తరలివచ్చేవారనుకుంటున్నారా? ఎర్రరంగులో ముంచిన తాడును అడ్డంగా పట్టుకుని, బజారులో కబుర్లాడుతున్న వాళ్లను సభ వైపు తోలేవారు. బట్టకు మరక అంటితే సభ ఎగ్గొట్టబోయాడని ఊరంతటికీ తెలిసిపోతుంది! క్రీ.పూ. 425లో అరిస్టోఫనీస్ ‘అకార్నియన్స్’ నాటకంలో దీని మీద జోకు వేశాడు. మరి కొన్నేళ్లకు డబ్బు ఆశ చూపారు. సభకొస్తే మొదట ఒక ఒబోల్ (చిన్న వెండి నాణెం), పోనుపోను మూడు. హాజరుకు డబ్బివ్వడం కొత్త జాడ్యమేమీ కాదన్నమాట.

ఓటు చేయెత్తి వేసేవారు. ఒకరికి పౌరసత్వం ఇవ్వడం లాంటి కొన్ని నిర్ణయాలకు మాత్రం 6,000 మంది ఉండాల్సిందే. వాన చినుకు పడితే జ్యూస్ దేవుడి సంకేతమని సభ వాయిదా వేసేవారు.

గుట్టలో తొలిచిన రాతి వేదికను చూపించి “పెరిక్లీస్ మాట్లాడింది ఇక్కడే” అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏథెన్స్ నాయకుడైన ఆయన పోయింది క్రీ.పూ. 429లో. ఇప్పుడు కనిపించే వేదిక ఆ తర్వాతి శతాబ్దంది. ఆ కాలపు వక్త డెమోస్తనీస్ పేరు చెబితే కొంత నయం. అసలు మొదట్లో శ్రోతలు వాలు మీద కూర్చునేవారు. తర్వాత ఈ అమరికను పూర్తిగా తిరగేశారు. వాలుకు ఎదురెళ్లి, గోడ కట్టి, మట్టి నింపారు. వక్తల కంటికి సముద్రం కనిపించకూడదని, నౌకాబలమే ప్రజాస్వామ్యానికి తల్లి అని భయపడి, కొద్దికాలం ఏథెన్స్‌ను ఏలిన ‘ముప్పైమంది నియంతలు’ ఇలా చేశారని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. గాలి పోటు తప్పించడానికని మరికొందరి మాట. నాకైతే గాలి వాదనే సబబనిపిస్తుంది. నియంతలకు నచ్చనిది వేదిక ముఖం కాదు, సభే.

ఆడవాళ్లకు, బానిసలకు, పైఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు ఇక్కడ మాట లేదు. సభ వేరే చోటికి మారాక, రోమన్ల కాలంలో ఈ వేదిక పక్కనే జ్యూస్ దేవుడికి గుడి వెలిసింది. జబ్బు నయమవ్వాలని మొక్కుకున్నవాళ్లు కళ్లు, రొమ్ములు, పాదాల బొమ్మలు చెక్కించి సమర్పించారు. వాటి మీద ఉన్న పేర్లలో ఎక్కువ ఆడవాళ్లవే. 1803లో తవ్వకాల్లో బయటపడిన ఆ మొక్కుబడి పలకలు కొన్ని ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.