ఇనుప కాలువలో పందిపిల్లలు

భిలాయి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "పిగ్ ఐరన్‌లో పంది ఎక్కడిది? మురికి ఇనుమనా?" చాలామంది అలాగే అనుకుంటారు. మురికికీ ఆ పేరుకూ సంబంధం లేదు. అది కాలువ తవ్వకంలోంచి వచ్చిందని చెబుతారు.

పూర్వం కొలిమి ముందు ఇసుకలో పెద్ద కాలువ, దాని పక్కన వరసగా చిన్న గుంటలు తవ్వేవారు. ఇనుము పారి గడ్డకడితే పాలిచ్చే తల్లిపందీ పిల్లల్లా కనిపించేది. ఇంగ్లిషువాళ్లు కాలువను 'సౌ' (తల్లిపంది) అన్నారు, గుంటల్లోవి 'పిగ్'లు. 1955 ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి తోడ్పడిన సోవియట్ ఇంజనీర్ల భాషలోనూ అంతే! రష్యన్‌లో 'చూష్కా' అంటే లోహపు దిమ్మె, పంది కూడా.

భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఇసుక గుంటల కాలం అప్పటికే పోయింది, కాలువ మాత్రం పోలేదు. ఇప్పుడు దాని పేరు రన్నర్. నాకు అసలు ముచ్చటేసేది దాని మొదట్లో ఉన్న స్కిమ్మర్.

ఫర్నేస్ అడుగున రంధ్రం తొలిస్తే సుమారు 1500 డిగ్రీల ఇనుము, స్లాగ్ అనే కరిగిన మడ్డి కలిసే దూకుతాయి. ఇనుము నీటికి దాదాపు ఏడు రెట్లు బరువు, స్లాగ్ రెండున్నర రెట్లు పైచిలుకు. అందుకే స్లాగ్ పైకి తేలుతుంది. కాలువకు అడ్డంగా, అడుగు తాకకుండా ఒక గోడ దింపుతారు. అదే స్కిమ్మర్. ఇనుము దాని కిందనుంచి దూరి, అవతలి కట్ట దాటి పోతుంది. స్లాగ్ ఇవతలే ఆగి పక్క కాలువ పడుతుంది.

కిటుకంతా ఎత్తులో ఉంది. పక్క కాలువలోకి స్లాగ్ దాటే గట్టు, ఇనుము దాటే కట్ట కన్నా ఎత్తుగా ఉండాలి. తేడా 10 సెంటీమీటర్లయితే స్లాగ్ పొర సుమారు 16 సెంటీమీటర్లు నిలుస్తుంది. మరీ ఎక్కువైతే పొర స్కిమ్మర్ కిందికి దిగి, ఇనుముతో పాటు స్లాగ్ జారిపోతుంది. మరీ తక్కువైతే ఇనుమే స్లాగ్ దారి పడుతుంది. స్లాగ్‌ను చల్లార్చే నీళ్లలో ఇనుము పడిందా, పేలుడే! మోటారు లేదు, మీట లేదు. బరువుల తూకమే కాపలా.

ఇక ఉపయోగం అడుగుతారు కదా, ఆ స్లాగ్ సిమెంటులోకి పోతుంది. ఈ కాలువలుండే షెడ్డు, కాస్ట్ హౌస్, చూసే అవకాశం వస్తే అందరూ ఎగిరే నిప్పురవ్వలకే ఫొటోలు తీస్తారు. మీరు స్కిమ్మర్ ఎక్కడుందో అడగండి.