ట్రాక్టరుకు కందెన – గ్రీజు గన్ను కొనడం ఎలా?

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దల సామెత. ఎడ్లబండి ఇరుసుకు కందెన లేకపోతే కీచుకీచుమని ఊరంతా వినబడేది. అందుకే ఆముదంలో మసి కలిపి ఇరుసుకు పట్టించేవాళ్ళు. మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు.

ఇప్పుడు ఊళ్ళో ఎడ్లు తగ్గాయి. ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకూ కందెన కావాలి. దాని పేరు గ్రీజు. ఆ గ్రీజును లోపలికి ఎక్కించే పనిముట్టు పేరు గ్రీజు గన్ను.

"అదంతా డ్రైవరు చూసుకుంటాడు, మనకెందుకు?" అంటారా? బండి మన ఇంటిదైనా, మన సంఘానిదైనా డబ్బు మనదే కదా! గ్రీజు లేక బుష్‌లు అరిగితే, బేరింగు పోతే ఖర్చు మనదే. అదీ దమ్ము రోజుల్లో బండి ఆగితే? రైతులు వేరే బండికి పోతారు. మన బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

గ్రీజు ఏం చేస్తుంది?

ఇనుము ఇనుముతో రాసుకుంటే వేడెక్కుతుంది. అరిగిపోతుంది. మధ్యలో గ్రీజు ఉంటే మెత్తగా జారుతుంది. బురద, నీళ్ళు, దుమ్ము లోపలికి పోకుండా గ్రీజు అడ్డం నిలుస్తుంది.

గ్రీజు పెట్టే చోట చిన్న మొటిమలాంటి ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని నిప్పుల్ అంటారు. దాని లోపల చిన్న గోలీ, స్ప్రింగు ఉంటాయి. గ్రీజు లోపలికి పోతుంది గానీ వెనక్కి రాదు.

ముందు ఇరుసు మధ్య, ముందు చక్రాల దగ్గర, క్లచ్చి, బ్రేకు పెడళ్ళ దగ్గర, వెనక నాగలి తగిలించే చేతుల దగ్గర నిప్పుళ్ళు ఉంటాయి. బండిని బట్టి తేడా ఉంటుంది. బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పుస్తకం అటక మీద పెట్టకండి. మీకు చదవడం వచ్చు. తీసి చదవండి. మీ బండికి ఎన్ని నిప్పుళ్ళు ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి.

ఏ గన్ను కొనాలి?

కొట్టుకు పోతే షాపు ఆయన నాలుగైదు రకాలు ముందు పెడతాడు. కంగారు పడకండి.

మొదటిది చేతి మీట గన్ను. పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. ఒక చేత్తో గొట్టం పట్టుకోవాలి. రెండో చేత్తో మీట నొక్కాలి. గ్రీజును బలంగా తోస్తుంది. గట్టిపడిన నిప్పుల్‌లోకి కూడా ఎక్కుతుంది. ఒకటి రెండు ట్రాక్టర్లు ఉన్నవాళ్ళకు ఇదే చాలు.

రెండోది పిస్తోలు రకం. ఒక చేత్తోనే నొక్కవచ్చు. రెండో చేత్తో పైపు మూతిని నిప్పుల్ మీద పట్టుకోవచ్చు. ఇరుకు చోట సుళువు. కానీ ఒక్క చేతి బలమే కాబట్టి ఎక్కువసేపు నొక్కితే చెయ్యి లాగుతుంది.

మూడోది బకెట్టు పంపు. కిలోల లెక్కన గ్రీజు పడుతుంది. నాలుగైదు బండ్లు ఉన్న చోట, మెకానిక్ షెడ్డులో పనికొస్తుంది.

నాలుగోది బ్యాటరీతో నడిచేది. చెయ్యి నొప్పి ఉండదు. కానీ ధర ఎక్కువ. ఛార్జింగు పెట్టాలి. ఒక్క బండి కోసం అంత డబ్బు పెట్టాలా? ఆలోచించండి.

ఇంకో మాట. కొన్ని గన్నుల్లో 400 గ్రాముల గ్రీజు గొట్టం అలాగే పెట్టేస్తారు. చెయ్యి పాడవదు. కానీ ఆ గొట్టాలు మీ ఊరి దగ్గర దొరుకుతాయా? అడగండి. డబ్బాలో గ్రీజే దొరికితే విడి గ్రీజు నింపే గన్నే కొనండి.

కొట్టులో ఏం చూడాలి?

1. గన్ను మీద అంకె చదవండి. 500 సి.సి. అని ఉంటే దాదాపు 450 గ్రాముల గ్రీజు పడుతుంది.

2. పైపు మూతిని ఒక నిప్పుల్‌కు తగిలించి చూడండి. గట్టిగా పట్టుకోవాలి. వదులుగా ఉంటే గ్రీజంతా పక్కకు కారుతుంది.

3. ఇనుప పైపుతో పాటు వంగే పైపు కూడా ఇస్తారా అని అడగండి. సందుల్లోకి వంగే పైపే పోతుంది.

4. మరలు బిగించి విప్పి చూడండి. సాఫీగా తిరగాలి.

5. వాషర్లు, పైపు మూతి విడిగా దొరుకుతాయా? అడగండి.

6. బిల్లు తీసుకోండి.

గ్రీజు డబ్బా మీద కూడా అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే గ్రీజు గట్టిది. 2 కంటే 3 గట్టిది. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే కొనండి. రెండు రకాలు కలపకండి. కొన్ని రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి.

ఎలా వాడాలి?

ముందు ఇంజను ఆపండి. తాళం చెవి తీసి దగ్గర పెట్టుకోండి. తిరిగే షాఫ్టు దగ్గర చీరకొంగు, చున్నీ, జడ చిక్కితే ప్రాణానికే ముప్పు. కొంగు బిగించి దోపుకోండి.

నిప్పుల్‌ను గుడ్డతో తుడవండి. తుడవకపోతే గ్రీజుతో పాటు ఇసుక కూడా లోపలికి పోతుంది. అప్పుడు గ్రీజు పెట్టీ లాభం లేదు.

మీట నొక్కండి. బుష్ ఉన్న చోట పాత గ్రీజు బయటకు వచ్చి, కొత్తది కనబడితే చాలు. సీలు ఉన్న బేరింగుకు మాత్రం పుస్తకంలో చెప్పినంతే పెట్టాలి. ఎక్కువ తోస్తే సీలు పోతుంది.

నొక్కినా గ్రీజు రాకపోతే గన్ను చెడిపోయిందని పారెయ్యకండి. లోపల గాలి పట్టి ఉంటుంది. తల మర కొంచెం వదులు చేసి గాలి పోనివ్వండి. మళ్ళీ బిగించండి.

ఎన్ని గంటలకు ఒకసారి పెట్టాలో పుస్తకంలో ఉంటుంది. దమ్ము చేసే రోజుల్లో, బురదలో మునిగే చోట్ల రోజూ పెట్టడం మంచిది.

జాగ్రత్త!

గ్రీజు వస్తుందో లేదో అని పైపు మూతికి వేలు అడ్డం పెట్టకండి. పిల్లల చేతికి గన్ను ఇవ్వకండి. లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. గ్రీజు సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది. మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. "ఏముందిలే, పసుపు పెడదాం" అని ఊరుకుంటే లోపల కండ కుళ్ళుతుంది. వేలు తీసేయాల్సి రావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. "గన్ను నుంచి గ్రీజు లోపలికి పోయింది" అని డాక్టరుకు చెప్పాలి.

గన్ను కొనడానికి అయ్యే ఖర్చు ఒక్కసారే. గ్రీజు లేక బండి చెడితే అయ్యే ఖర్చు మళ్ళీ మళ్ళీ. ఏది మేలో మీరే లెక్క వెయ్యండి.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ట్రాక్టరుకు గ్రీజు ఎవరు పెడుతున్నారు? ఎన్నాళ్ళకు ఒకసారి?

గ్రీజు పెట్టిన తేదీ రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెడితే ఎలా ఉంటుంది? ఎవరు రాస్తారు?

రాయండి

గ్రీజు, గన్ను, నిప్పుల్, బేరింగు, బిల్లు.